త్సుమాగోకి వాన మనిషి వద్దట

అక్టోబరు 3

త్సుమాగో ప్రయాణంలో నేను లేనట. ఈ సంగతి నాకు చెప్పింది ఎవరు? రిత్సుకో. తొమోఎ ఆడపడుచు. మిఠాయి కొట్లో చెస్ట్‌నట్ ఉండలు కట్టించుకుంటూ, పదిమందీ వినేటట్టు చెప్పింది.

"కజుయో సాన్, మోకాళ్ళు ఎలా ఉన్నాయండీ? పాపం, త్సుమాగోకి రాలేకపోతున్నారటగా. మీ బదులు నన్ను రమ్మంది మా వదిన. మీ చోట్లో వెళ్తున్నానంటే నాకే ఎలాగో ఉంది."

నా మోకాళ్ళకేం రోగం? మొన్ననే కొండమీద గుడి మెట్లన్నీ ఆగకుండా ఎక్కాను. మా ఆయన మధ్యలో మూడుచోట్ల చతికిలబడ్డాడు.

"పర్లేదండీ, బాగా చూసి రండి" అన్నాను. నవ్వాను కూడా. ఆ నవ్వు దవడల్లో ఇంకా నొప్పిగానే ఉంది.

అసలు ఆ ప్రయాణం ఎవరిది? నాది. టైల్సు ఫ్యాక్టరీలో నేను, హిసానో, తొమోఎ ముగ్గురం ఒకే బల్ల ముందు కూర్చుని, కాగితం మీద గోరంత పింగాణీ ముక్కలు అంటించే రోజుల్లో, ఎదురుగా గోడ మీద క్యాలెండరులో త్సుమాగో వీధి బొమ్మ ఉండేది. నల్లబడ్డ చెక్క ఇళ్ళు, కప్పుల మీద బరువుకి పెట్టిన రాళ్ళు, ఎండబెట్టడానికి చూర్లకి వేలాడదీసిన ఎర్రటి పళ్ళు. సంవత్సరం అయిపోయినా హిసానో ఆ కాగితాన్ని తీయనివ్వలేదు. ఎప్పటికైనా వెళ్దాం, ఎప్పటికైనా వెళ్దాం అంటూ ముసలివాళ్ళమయ్యాం. ఇప్పుడు హిసానో కళ్ళు పోతున్నాయి. వసంతం వచ్చేసరికి పెద్దగా ఏమీ మిగలదని డాక్టరు చెప్పినప్పుడు పక్కన కూర్చున్నది నేను. మబ్బు పట్టినా, గదిలోకి వెళ్ళినా ఆమెకి అంతా మసక. మంచి ఎండలో మాత్రం ఇంకా కనిపిస్తుంది. "ఈ శరత్కాలంలోనే వెళ్ళాలి" అన్నది నేను. నకత్సుగవాలో రైలు మారి, నగిసోలో దిగి, బస్సు ఎక్కడ పట్టుకోవాలో అన్నీ కనుక్కున్నది నేను.

నాకు కోపంగా లేదు. పెన్ను బాగాలేదు కాబట్టి అక్షరాలు ఇలా వస్తున్నాయి.

అక్టోబరు 4

కోపంగా లేదు. చేప మాడింది.

అక్టోబరు 6

తొమోఎ వచ్చింది. చేతిలో మిఠాయి డబ్బా. తప్పు చేసినప్పుడల్లా పెద్ద డబ్బా తెస్తుంది, ఇది చాలా పెద్దది.

టీ పోశాను. తొమోఎ ముందు వాతావరణం గురించి మాట్లాడింది, తర్వాత మా పెరట్లో చామంతుల గురించి మాట్లాడింది, తర్వాత మళ్ళీ వాతావరణం దగ్గరకే వచ్చింది.

"రిత్సుకో ఏదో వాగిందటగా. దానికి బుర్ర తక్కువ. మోకాళ్ళ మాట అది ఊరికే అనుంటుంది."

"మరి అసలు కారణం ఏంటి?"

"కజుయో సాన్, మీరేం అనుకోనంటే చెప్తా."

"అనుకోను."

"మీరు... అదే, మనందరికీ తెలిసిందేగా. మీరు వాన మనిషి."

తొమోఎ గబగబా చెప్పుకుపోయింది. "నవ్వులాటకే అనుకోండి. కానీ ఇనుయామా వెళ్తే వాన, ఇసే వెళ్తే వాన, గెరో వెళ్తే రెండ్రోజులూ వానే. మామూలప్పుడైతే గొడుగేసుకుని తిరిగేవాళ్ళం. ఈసారి హిసానో సాన్ కళ్ళ సంగతి మీకు తెలీనిదేముంది? మబ్బు పట్టిందంటే ఆవిడ వెళ్ళీ వెళ్ళనట్టే. రిత్సుకో ఉందే, అది ఎండ మనిషి. దాని పెళ్ళినాడు తుఫాను కూడా దారి మళ్ళిందట."

ఆకాశాన్ని అదుపులో పెట్టుకున్న మహాతల్లిని పట్టుకొచ్చారన్నమాట నా బదులు.

"మంచి ఆలోచన" అన్నాను.

తర్వాత ఏమేం చూడబోతున్నారో కూడా చెప్పింది. ముందు పాత దివాణం లోపలంతా చూస్తారట. తర్వాత పక్కనే ఉన్న ప్రదర్శనశాల. మధ్యాహ్నం భోజనం లోపలి గదిలో, నిప్పుగుంట చుట్టూ. టైముంటే అప్పుడు వీధి. చీకటి, చీకటి, చీకటి, టైముంటే వెలుగు! పొద్దెక్కిన ఎండంతా గదుల్లో పారేసి, సాయంత్రం నీడ దిగాక ఆమెను వీధిలోకి తెస్తారట. మా ఆయన పిన్ని అంత్యక్రియలకి నగిసో వెళ్ళినప్పుడు త్సుమాగో చూసొచ్చాను కాబట్టి నాకు తెలుసు, ఆ లోయలోకి ఎండ ఆలస్యంగా దిగుతుంది, తొందరగా వెళ్ళిపోతుంది. మధ్యలో ఉన్న కాసేపే పనికొచ్చేది.

చెప్పలేదు. ఎందుకు చెప్పాలి? ఎండ మనిషిని అడగమను.

మిఠాయి మొత్తం నేనే తిన్నాను.

అక్టోబరు 7

వాన మనిషినట. రాసి పెడుతున్నాను, ఎవరు చదివినా న్యాయం చెప్పండి. ఎవరూ చదవరనుకోండి.

ఇనుయామాలో పడింది చినుకులే. కోట మెట్లు తడిసి కాస్త ఆలస్యమైంది. అంతకన్నా నూడుల్స్ కోసం కూర్చున్నదే ఎక్కువ సేపు. మా తర్వాత వచ్చినవాళ్ళకి ముందు తెచ్చిపెట్టారు. ఆ వడ్డించే పిల్లతో ఒకే ఒక్క మాట అన్నాను. ఆ పిల్ల లోపలికి వెళ్ళి ఏడ్చిందని హిసానో చెప్పింది. ఒక్క మాటకి ఏడుస్తారా ఎవరైనా?

ఇసేకి వెళ్ళినప్పుడు వాన పెద్దదే. రైల్లో మా సీట్లో ఎవడో కూర్చున్నాడు. లేవమన్నాను. లేచాడు. లేచేటప్పుడు నసిగాడు. ఏం నసిగావో పైకి చెప్పమన్నాను. దిగేదాకా చెప్పలేదు, నేనూ దిగేదాకా వదల్లేదు. అందులో నా తప్పేముంది?

గెరోలో వేడినీళ్ళ స్నానాల దగ్గర పడకల గొడవ. అది ఇప్పుడెందుకు.

వానకీ నాకూ సంబంధం లేదు. అంతే.

అక్టోబరు 9

పాత దుప్పటి గుడ్డ చింపి, లోపల దూది కూరి, మెడకి దారం కట్టి బొమ్మ చేశాను. చిన్నపిల్లలు చూరుకి కట్టి రేపు ఎండ కాయాలని పాడతారే, ఆ బొమ్మే. కాకపోతే తలకిందులుగా వేలాడదీశాను. అలా కడితే వాన వస్తుందంటారు.

మా ఆయన పత్రిక మడిచి చాలాసేపు దానివంక చూశాడు.

"తలకిందులుగా కట్టావ్."

"తెలుసు."

"వానొస్తుంది."

"వాన మనిషిని కదా, రానీ."

"హిసానో సాన్ వెళ్ళేది ఈ పద్దెనిమిదినేగా?"

"నువ్వు నీ పత్రిక చదువుకో."

చదువుకున్నాడు. ఈయనతో గొడవ పెట్టుకోవడం దిండుని గుద్దినట్టుంటుంది.

అక్టోబరు 13

హిసానో ఫోన్ చేయలేదు. తొమోఎ వంచించిందంటే సరే, అది ఎప్పుడూ గాలి ఎటుంటే అటు. హిసానోకి తెలిస్తే ఊరుకోదు. ఆమెకి చెప్పకుండా దాచి ఉంటారు. నా మోకాళ్ళు బాగాలేవని నమ్మించి ఉంటారు. పాపం నా కోసం బాధపడుతూ ఉంటుంది.

నేనూ ఫోన్ చేయలేదు.

అక్టోబరు 18

కుండపోత!

పొద్దున తెర తీయకుండానే చప్పుడు విన్నాను. గెంతి లేచాను. ఇదిగో నా మోకాళ్ళు. రైళ్ళు కూడా ఆలస్యమట, కొండవైపు బస్సులు ఆపేశారట. ప్రయాణం వాయిదా అని తొమోఎ అందరికీ ఫోన్లు చేసిందట. నాకు చేయలేదు, మిఠాయి కొట్టామె ఫోన్ చేసి చెప్పింది.

ఎండ మనిషి ఏమైంది? తుఫాను దారి మళ్ళించే మహాతల్లి ఏమైంది? నేను ఇంట్లోనే ఉన్నాను, రైలెక్కలేదు, స్టేషను వైపు చూడలేదు, అయినా వాన! నలభై ఏళ్ళ అపవాదు ఒక్క పొద్దుటితో కొట్టుకుపోయింది. ఈల్ చేప తెప్పించి ఇద్దరం తిన్నాం. మా ఆయన "ఏం పండగ?" అని అడిగాడు, చెప్పలేదు. బొమ్మ మాట ఆయన ఎత్తలేదు.

బొమ్మలతో వాన పడుతుందా ఎక్కడైనా. అదంతా చిన్నపిల్లల ఆట.

అక్టోబరు 19

ముసురు ఇంకా వదల్లేదు. హిసానో ఇంటికి వెళ్ళాను. పట్టపగలే గదిలో దీపాలన్నీ వేసుకుని కూర్చుని ఉంది. గుమ్మంలో నిలబడే, బూట్లు కూడా విప్పకుండా మొదలుపెట్టాను.

"చూశావా? నేను గడప దాటలేదు, అయినా ఎలా కురిసిందో! వానకీ నాకూ సంబంధం లేదని తేలిందా ఇప్పటికైనా? ఆ తొమోఎ నా ముందుకొచ్చి తప్పయిందని చెప్పాలి."

"లోపలికి రా కజూ. తడుస్తావ్."

"నీకు ఏం చెప్పింది? నా మోకాళ్ళు పోయాయనా?"

"తొమోఎ నాకేం చెప్పలేదు. నేనే దానికి చెప్పాను."

"ఏం చెప్పావ్?"

"నువ్వొద్దని. మోకాళ్ళో, వానో, నీకు కష్టంగా ఉండని మాట ఏదో ఒకటి చెప్పమన్నాను. రెండూ చెప్పి పాడుచేసింది, పిచ్చిది."

బూట్లు విప్పాను. ఎందుకు విప్పానో తెలీదు. వెళ్ళి ఆమె ఎదురుగా కూర్చున్నాను.

"నువ్వు కూడా ఆ వాన మాట నమ్మావా?"

"వానదేముంది కజూ. ఇనుయామాలో ఏమైందో చెప్పు."

"వాన పడింది."

"ఇంకా?"

"నూడుల్స్ ఆలస్యమైంది."

"కోట ఎలా ఉంటుందని ఎవరైనా అడిగితే నేను చెప్పలేను. నీ ముఖం ఎలా ఉందో చెప్పగలను. ఆ పిల్ల మన బల్ల పక్కనుంచి వెళ్ళినప్పుడల్లా నీ ముఖం చూశాను, ఇప్పుడంటావా, ఇంకాసేపాగి అంటావా అని. ఇసే రైల్లో కిటికీ పక్కన కూర్చున్నది నేనే. సముద్రం వచ్చిందట, పోయిందట. నేను నీ ముఖమే చూస్తున్నా. గెరోలోనూ అంతే. ఇన్నేళ్ళుగా నీతో ఎక్కడికెళ్ళినా నేను చూసొచ్చింది నీ ముఖమే."

ఆమె గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది, నాకు పని దొరికేది.

"నాకు మిగిలిన చూపు ఇంతే. ఈ ఒక్కసారి ఇళ్ళు చూడాలనుంది" అంది.

"నిన్ను చెయ్యి పట్టుకుని ఆసుపత్రికి తీసుకెళ్ళింది ఎవరు?"

"నువ్వే."

"వరసలో ఆ లావుపాటాయన నిన్ను దాటుకుని ముందుకెళ్తే, అరిచి నీ వంతు నీకు ఇప్పించింది ఎవరు?"

"నువ్వే కజూ. అప్పుడూ నీ ముఖమే చూశాను. డాక్టరు చెప్పింది సగం వినలేదు."

లేచి వచ్చేశాను. గొడుగు అక్కడే మర్చిపోయాను.

అక్టోబరు 20

ఏమీ రాయను.

అక్టోబరు 21

అంత ఇబ్బందైతే నలభై ఏళ్ళ క్రితమే చెప్పొచ్చుగా! నోరు లేదా? అప్పుడే అంటే అప్పుడే మానేసేదాన్ని. ఏం మానేసేదాన్నో తెలీదు, ఏదో ఒకటి మానేసేదాన్ని. లోపల పెట్టుకుని, పైకి నవ్వుతూ, వాన వాన అని ఆటపట్టిస్తూ, ఇన్నేళ్ళు నా పక్కన కూర్చుని టీలు తాగారు. నేనూ వాళ్ళతో కలిసి నవ్వాను. "నా గొడుగు నేనే తెచ్చుకున్నా, భయపడకండి" అని జోకులేశాను!

హిసానో మీద కోపం. తొమోఎ మీద కోపం. రిత్సుకో మీద మరీ కోపం, అదేమీ చేయలేదు కాబట్టి.

అక్టోబరు 24

పొద్దున టీ తాగుతూ మా ఆయన్ని అడిగాను. "నిజం చెప్పు. నేను అంత కోపిష్టిదాన్నా?"

ఆయన కప్పులోకి చూశాడు. తర్వాత కిటికీలోంచి చూశాడు. తర్వాత మళ్ళీ కప్పులోకి చూశాడు.

"ఇంకొంచెం టీ ఉందా?"

"అడిగినదానికి జవాబు చెప్పు!"

"మెల్లగా, పక్కింటివాళ్ళు లేస్తారు."

టీ పోశాను. ఆయన తాగుతూ ఓరగా నా వైపు చూడటం కనిపించింది. ఈ చూపు ఇన్నేళ్ళలో నేనెప్పుడూ పట్టించుకోలేదు. కప్పు నింపేటప్పుడు, తలుపు వేసేటప్పుడు, చేప మాడినప్పుడు, ఆయన ఇలాగే చూసేవాడు కాబోలు. పెళ్ళయిన కొత్తలో నన్ను చూడటం ఆయనకి ఇష్టమని అనుకునేదాన్ని.

వంటింట్లోకి వెళ్ళి అద్దంలో చూసుకున్నాను. మామూలు ముఖమే. కాసేపు నూడుల్స్ గురించి ఆలోచించి మళ్ళీ చూశాను.

అక్టోబరు 27

బొమ్మని తిప్పి సరిగ్గా కట్టాను. తలకిందులుగా ఉంటే దూది అంతా కిందికి జారిపోతోంది, అందుకు.

వాళ్ళు నవంబరు అయిదున వెళ్తున్నారట.

అక్టోబరు 30

తొమోఎ ఇంటికి వెళ్ళాను. నన్ను చూడగానే నాలుగుసార్లు వంగి దండం పెట్టింది. ఐదోది పెట్టబోతుంటే ఆపి, నిలబడే చెప్పాను.

"ఆ దివాణం వద్దు. ప్రదర్శనశాల వద్దు. లోపల హిసానోకి ఏమీ కనిపించదు. తొందరగా వెళ్ళినా లాభం లేదు, ఎండ కొండ దాటి రావాలి. అది వచ్చేసరికి కింద నీటిచక్రం దగ్గర ఉండండి. అక్కణ్ణుంచి వీధి పైకి నడవండి, అప్పుడు వెలుగు మీ వెనకనుంచి ఇళ్ళ మీద పడుతుంది, ఆమె కళ్ళలో పడదు. మూల తిరిగేచోట రాళ్ళ మెట్లున్నాయి, చెయ్యి వదలొద్దు. భోజనం బయట బల్ల మీద చేయండి. కర్రకి గుచ్చి కాల్చిన అన్నం ముద్దలు చాలు. నీడ దిగడం మొదలవగానే బస్సెక్కేయండి."

తొమోఎ నోరు తెరుచుకుని విన్నది. "ఎంత బాగా ఆలోచించారు కజుయో సాన్! మరి మీరు కూడా రాకూడదూ? హిసానో సాన్‌తో నేను మాట్లాడతాను."

ఒక్క క్షణం, ఒకే ఒక్క క్షణం, ఏ చొక్కా వేసుకోవాలా అని ఆలోచించాను.

"మోకాళ్ళు బాగాలేవు" అన్నాను.

నవంబరు 4

ఆకాశంలో ఒక్క మబ్బు ఉంది. చిన్నదే. దాన్ని చూస్తూ చాలాసేపు నిలబడ్డాను. వెళ్ళిపోయింది.

నవంబరు 5

ఎండ. గాజు పలకలాంటి ఆకాశం. బట్టలన్నీ ఉతికి ఆరేశాను, దుప్పట్లు కూడా. మా ఆయన నా దారికి అడ్డం రాకుండా తోటలోనే తిరిగాడు.

ఇప్పుడు రైలు మారుతూ ఉంటారు అనుకున్నాను. ఇప్పుడు నీటిచక్రం. ఇప్పుడు మూల. తొమోఎ చెయ్యి పట్టుకుందో లేదో. ఇప్పుడు ఎండ సరిగ్గా చూర్ల కింది దాకా వచ్చి ఉంటుంది, పళ్ళు ఎర్రగా మెరుస్తూ ఉంటాయి. అనుకుంటున్నకొద్దీ ఒళ్ళు మండిపోయింది. నేను అక్కడ ఉండాలి. ఆ ఎండ నాది, ఆ వీధి నేను చెప్పింది. ఉతికిన దుప్పట్లనే మళ్ళీ ఉతికాను.

సాయంత్రం అన్నం తినే వేళకి ఫోన్ మోగింది. హిసానో.

"కజూ, చూశానే! అన్నీ చూశాను."

గట్టిగా అంటోంది, చిన్నపిల్లలా. ఇంకా కోపం ఉందా అని అడగలేదు, నేనూ చెప్పలేదు. గోడకి ఆనుకుని నేలమీద కూర్చున్నాను.

"ఆ క్యాలెండరు బొమ్మలో కనిపించేవి కాదు తెలుసా, చెక్క ఊచల మధ్య సందులు. ఒక్కో ఇంటికి ఒక్కోలా ఉన్నాయి. మనం టైల్సు అంటించేటప్పుడు వదిలే సందుల్లాగే. ఎండ వాటిలోంచి దూరి లోపల చాప మీద గీతలు గీతలుగా పడింది. అరుగు మీద ఒక పిల్లి. కప్పు మీద రాళ్ళకి పచ్చగా నాచు పట్టింది, ఆ నాచు కూడా కనిపించింది నాకు!"

"ఊఁ."

"మూల దగ్గర తొమోఎ ఫోటోలు తీసుకుంటూ నా చెయ్యి వదిలేసింది. ఒక్కదాన్నే మెట్టు మీద ఉండిపోయా కాసేపు. ఎవడో గుంపుతో వచ్చి భుజంతో తోసుకుంటూ పోయాడు. నువ్వుంటే వాడి పని అయ్యేది." నవ్వింది.

చెయ్యి వదలొద్దని చెప్పాను. దానికి ప్రత్యేకంగా చెప్పాను.

"తర్వాత?" అన్నాను.

"తర్వాత రిత్సుకో పోరు పడలేక ఒకచోట నూడుల్స్ తిన్నాం. చల్లారిపోయినవి తెచ్చిపెట్టారు. ఎవరూ ఏమీ అనలేదు. బయట ఎండలోనే కూర్చున్నాంలే, ఎదురుగా వీధంతా కనిపిస్తూనే ఉంది."

"తర్వాత?"

"ఏమాటకామాటే చెప్పుకోవాలి కజూ, తొమోఎ భలే ఏర్పాటు చేసింది. ఒక్క చీకటి గది కూడా లేదు. ఎండ ఎటునుంచి పడుతుందో కూడా చూసుకుని నడిపించింది. దానికి ఇంత తెలివుందని ఇన్నాళ్ళూ అనుకోలేదు."

మా ఆయన వంటింటి గుమ్మంలోంచి నన్నే చూస్తున్నాడు. ఆయన వైపు వీపు తిప్పుకున్నాను.

"అవునా" అన్నాను. "ఇంకా చెప్పు. పళ్ళు వేలాడదీశారా?"

హిసానో చెబుతూనే ఉంది. చూర్ల కింద పళ్ళ రంగు, తలుపుల రంగు, నీటిచక్రం మీద నీళ్ళు విరిగేచోట వెలుగు, అన్నీ వరసగా చెప్పింది. నేను ఊఁ కొడుతూ విన్నాను. ఫోనులో ముఖం కనిపించదు కదా.